నా పుస్తకాన్ని నేనే స్క్రీన్‌ప్లేగా రాస్తున్నా. ‘ఆ సీన్’ లేకుండా కుదరదంటున్నారు

రెండోడ్రాఫ్ట్ (ప్రశ్న)

నమస్తే అండీ. ఇక్కడ రాసేవాళ్ళూ, సినిమా పని తెలిసినవాళ్ళూ, కౌన్సెలింగ్ చేసేవాళ్ళూ ఉన్నారని అడుగుతున్నా. విషయం పిల్లల మీద లైంగిక హింస. వివరాలేమీ రాయను. అయినా ఇవాళ చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను టీవీకి డైలాగులు రాస్తాను. కొన్నేళ్ళ కిందట నా చిన్నతనం గురించి ఒక పుస్తకం రాశాను. నాన్న వైపు బంధువు ఒకాయన మా ఇంట్లో ఉండి చదువుకునేవాడు. మిగతాది మీకు అర్థమయ్యే ఉంటుంది. పుస్తకంలో దాని గురించి ఉన్నది ఒకటే పేరా. గదిలోకి రాగానే అతను రేడియో సౌండ్ పెంచేవాడు, వంటింట్లో ఉన్న అమ్మ ‘వీడికి పాటలంటే ఎంత పిచ్చో’ అని నవ్వుకునేది. అంతే. తర్వాతి పేరాలో నేను స్కూల్లో ఉంటాను.

ఇప్పుడు దాన్ని సినిమాగా తీస్తామని ఒక నిర్మాణ సంస్థ వచ్చింది. స్క్రీన్‌ప్లే నన్నే రాయమన్నారు. నేరేషన్ బాగానే జరిగింది. మొదటి డ్రాఫ్ట్ చదివాక మాత్రం మార్పులు అడిగారు. ఆ పేరాని పూర్తి సీన్‌గా రాయాలట. ‘ఆడియన్స్‌కి దెబ్బ తగలాలి కదా మేడమ్’ అన్నారు. క్లైమాక్స్‌లో అమ్మ అందరి ముందూ అతని చెంప పగలగొట్టాలట. మా అమ్మ నిజంగా చేసింది ఏంటంటే, పెద్దయ్యాక నేను చెప్తే మొత్తం విని, లేచి వెళ్ళి ఆరిన బట్టలు మడతపెట్టింది. డ్రాఫ్ట్‌లో అలాగే రాశాను. ‘ఫ్లాట్‌గా ఉంది’ అన్నారు. ఇంకోటి, మా పెద్దమ్మ కూతురికీ ఆ మనిషి వల్లే ఇబ్బంది జరిగింది. పుస్తకంలో తను లేదు. ఆ సంగతి వాళ్ళకి తెలిసి, అక్కాచెల్లెళ్ళ ట్రాక్‌గా కలపమంటున్నారు.

దీనితో పాటు ఇంకో టెన్షన్. పుస్తకం చదివినవాళ్ళు నాకు మెసేజ్‌లు పెడతారు, ఎక్కువగా అర్ధరాత్రి దాటాక. ‘ఇది మొదటిసారి మీకే చెప్తున్నా’ అని మొదలవుతాయి. జవాబు ఇవ్వకుండా ఉండలేను, ఇచ్చాక నిద్రపోలేను. మొన్న రాసిన అమ్మాయి ఇంకా స్కూల్లో చదువుతోంది. తనకి ఇప్పటికీ జరుగుతోందని రాసింది. ఆ పిల్లకి నేనేం చెప్పాలి? సినిమా వచ్చాక ఇలాంటివి ఇంకెన్ని వస్తాయో తలచుకుంటేనే భయంగా ఉంది.

పాతసిరా

ముందు ఆ స్కూలు పిల్ల సంగతి చూడండి. నాకు అందులో చెప్పే అర్హత లేదు, వేపకొమ్మ గారు ఇక్కడ ఉంటారు, ఆవిడ చెప్తారు. కానీ స్క్రిప్టు పక్కన పెట్టైనా సరే, అది మొదటి పని.

ఇక సీన్ విషయం. నేనూ ఈ రెండు పనులూ చేసినదాన్నే. నా కథ పుస్తకంగా రాసి, దాన్నే స్క్రిప్టుగా తిరగరాశాను. నాది చిన్నప్పటిది కాదు, పెళ్ళయ్యాక తిన్న దెబ్బలు. కథలు వేరైనా ఆఫీసుల్లో వినిపించే మాటలు అవే. ‘మీరు రాసెయ్యండి మేడమ్, సజెస్టివ్‌గా తీద్దాం’ అంటారు. నమ్మకండి. అంటే వాళ్ళు మోసగాళ్ళని కాదు. కాగితం మీద ఉన్నదాన్ని ఎవరో ఒకరు తీసి తీరతారు. ఆ రోజు సెట్‌లో మీరు ఉండరు. ఉన్నా ఒక మూల కుర్చీ వేసి కాఫీ ఇచ్చి కూర్చోబెడతారు. తెర మీద వద్దనుకున్నది స్క్రిప్టులో అక్షరం కూడా రాయకండి.

జెన్నిఫర్ ఫాక్స్ అని అమెరికన్ డైరెక్టర్, అసలు డాక్యుమెంటరీలు తీసే మనిషి. తన సొంత అనుభవం మీద 2018లో ‘ది టేల్’ తీసింది. చిన్నప్పుడు స్కూల్లో కథగా రాసిచ్చిన కాగితాలు ఎన్నో ఏళ్ళకి వాళ్ళమ్మ చేతికి దొరుకుతాయి, అక్కడ మొదలవుతుంది. అందులో ఆమె తనని తాను ముందు కాస్త ఎదిగిన అమ్మాయిగా గుర్తు చేసుకుంటుంది. ఆ వయసు ఫోటో చూశాక అవే జ్ఞాపకాలు చాలా చిన్నపిల్లతో మళ్ళీ మొదలవుతాయి. నాకు ఆ సినిమాలో గుండె జారింది అక్కడే, మంచం ఉన్న సీన్లలో కాదు. అవును, ఆ సీన్లు ఆవిడ పెట్టింది. పిల్ల బదులు పెద్ద వయసు బాడీ డబుల్‌తో తీసి, ఆ సంగతి సినిమాలోనే రాసి చూపించింది. కానీ అక్కడ రాసిందీ తీసిందీ ఎడిట్ దగ్గర కూర్చున్నదీ ఆవిడే. మీ దగ్గర ఆ అధికారం లేదు. ఆవిడ చేసింది కదా అని ఎవరైనా ఉదాహరణగా తెస్తే ఈ తేడా గుర్తు చేయండి.

మీకు సీన్ లేదని ఎవరన్నారు? రేడియో ఉంది. మొదటి అరగంటలో ఆ ఇంట్లో రేడియో సౌండ్ పెరగడం మామూలు విషయంగా వస్తూ ఉండాలి. అమ్మతో పాటు ప్రేక్షకుడూ నవ్వుకోవాలి. గది తలుపు దగ్గరికి కెమెరా వెళ్ళనే అక్కర్లేదు, వంటింట్లోనే ఉండనివ్వండి. చాలా తర్వాత, పెద్దయిన మీ పాత్ర ఏ కారులోనో కూర్చుని ఉంటే డ్రైవర్ మంచి పాట వచ్చిందని సౌండ్ పెంచుతాడు. ఆమె ‘ఇక్కడే ఆపండి’ అని దిగిపోతుంది. ఏడుపు లేదు, ఫ్లాష్‌బ్యాక్ లేదు, వయొలిన్ అసలే లేదు. హాల్లో ఉన్నవాళ్ళు తాము నవ్విన సీన్లన్నీ వెనక్కి తిప్పుకుంటారు. వాళ్ళు అడిగిన ‘దెబ్బ’ తగిలిందా లేదా?

అమ్మ సీన్ జోలికి మాత్రం ఎవరినీ రానివ్వకండి. చెంపదెబ్బ ప్రేక్షకుడు మనశ్శాంతిగా ఇంటికి పోవడానికి పెట్టేది. ఫ్లాట్‌గా ఉందంటే సీన్‌లో పని తక్కువైందని అర్థం, తప్పు సంఘటన అని కాదు. ఆవిడ మడతపెడుతున్న బట్టలు ఎవరివి? అందులో మీ చొక్కానో చున్నీనో ఉందా? దాన్ని మడతపెట్టి ఎక్కడ పెట్టింది? నలిగిన చోట ఎంతసేపు చేత్తో సర్దింది? ఇవి రాయండి, తర్వాత చూద్దాం ఫ్లాటో కాదో.

అగ్రిమెంట్ గురించి ఒక్క మాట. బ్రిటిష్ రచయిత్రి, నటి మైకేలా కోల్ తన మీద జరిగిన లైంగిక దాడి ఆధారంగా ‘ఐ మే డిస్ట్రాయ్ యూ’ సిరీస్ రాసినప్పుడు, కాపీరైట్‌లో కొంచెం వాటా కూడా ఇవ్వబోమని చెప్పినందుకు నెట్‌ఫ్లిక్స్ ఇస్తానన్న పది లక్షల డాలర్లు వద్దనుకుంది. బీబీసీకి వెళ్ళింది. సిరీస్ 2020లో వచ్చింది, మరుసటి ఏడాది రచనకి ఎమ్మీ అనే అమెరికా టీవీ అవార్డు కూడా వచ్చింది. అంత బేరం మనకి ఎవరూ పెట్టరు, నిజమే. కానీ ‘హింస చూపించే సీన్లు రచయిత లిఖితపూర్వక ఒప్పుకోలు లేకుండా కలపకూడదు’ అనే ఒక్క క్లాజ్ అడగడానికి ఎమ్మీ అక్కర్లేదు.

చెప్పేస్తా

పాతసిరా గారి మాట వినసొంపుగా ఉంది గానీ నేను ఒప్పుకోను. మన ఇళ్ళల్లో ఇది ఇన్నాళ్ళు సాగింది ఎందుకంటే ఎవరూ నోరు తెరిచి చెప్పకపోవడం వల్లే. ఇప్పుడు సినిమా కూడా తలుపు దగ్గర కెమెరా ఆపేస్తే ఆ మౌనమే కదా మళ్ళీ? ‘ఏదో ఇబ్బంది పెట్టాడట’ అని చూసినవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. అసలేం జరిగిందో కళ్ళకి కట్టకపోతే ఆ పెద్దమనుషుల వైపే మాట్లాడతారు. నేను చూశాను అలాంటి పంచాయితీలు.

పాతసిరా

చెప్పేస్తా గారూ, మీ కోపం సరైనదే. తలుపు దగ్గర ఆపమన్నాను గానీ మౌనంగా ఉండమనలేదు. చూపించాల్సింది చాలా ఉంది, గంటన్నర సరిపోనంత ఉంది. అతను ఆ ఇంట్లో మంచివాడెలా అయ్యాడో చూపించండి. లెక్కలు చెప్పిస్తాడు. కరెంటు బిల్లు కట్టొస్తాడు. నాన్న ఊళ్ళో లేనప్పుడు అమ్మకి తోడుంటాడు. పిల్లకి ఒక్కదానికే పెన్సిల్ బాక్స్ తెస్తాడు, ‘అన్నయ్యకి చెప్పకు, ఏడుస్తాడు’ అంటాడు. మొదటి రహస్యం అది, ఎంత చిన్నదో చూడండి. ఇలా ముందు పెద్దవాళ్ళ నమ్మకం, తర్వాత పిల్ల నమ్మకం సంపాదించడాన్నే గ్రూమింగ్ అంటారు. పంచాయితీలో ఆ పెద్దమనుషులు ‘అంత మంచి కుర్రాడు అలా చేస్తాడా’ అంటారే, దానికి జవాబు ఈ సీన్లలో ఉంటుంది. మంచంలో ఉండదు. హాల్లో కూర్చున్న తల్లి ఇంటికెళ్ళాక పెన్సిల్ బాక్స్ ఎవరిచ్చారని అడగగలదు. మంచం సీన్ చూసి ఆవిడ నేర్చుకునేది ఏమీ లేదు, భయపడటం తప్ప.

అన్నట్టు, ఏం జరిగిందో మాటల్లో సూటిగా చెప్పే చోటు ఒకటి ఉండాల్సిందే. పెద్దయ్యాక ఆమె నోటితో, అసలు పదాలతో, ఒక్కసారి. అక్కడ ‘ఇబ్బంది పెట్టాడు’ అని రాస్తే మీతో పాటు నేనూ గొడవ చేస్తా.

వేపకొమ్మ

పిలిచారని వచ్చాను. నేను కౌన్సెలర్‌ని, ఎక్కువగా చిన్నతనంలో హింస పడ్డ పెద్దవాళ్ళతో పని చేస్తాను.

రెండోడ్రాఫ్ట్ గారూ, ఆ అమ్మాయి మెసేజ్ మిగతా వాటిలో కలిసేది కాదు. మిగతావి జరిగిపోయినవి, ఇది జరుగుతున్నది. ఇవాళే జవాబు ఇవ్వండి. ‘నీ మాట నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. ఇది ఆపించగలిగే వాళ్ళకి మనం చెప్పాలి’ అంతవరకు చాలు. ఏం జరిగింది, ఎలా జరిగింది అని గుచ్చి అడగకండి. ఆ ప్రశ్నలు అడగడానికి శిక్షణ ఉన్నవాళ్ళు వేరే ఉంటారు, పిల్ల అదే కథ పదిమందికి చెప్పాల్సిన అవసరం రాకూడదు. ఎవరికీ చెప్పనని మాట మాత్రం ఇవ్వద్దు, నిలబెట్టుకోలేరు. ఇంట్లోగానీ స్కూల్లోగానీ తనకి భయం లేని పెద్దవాళ్ళు ఒక్కరున్నారా అని అడగండి. ఆ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా అని కూడా. మీ జవాబు తప్పు మనిషి కంట పడితే ఆ పిల్లకే ప్రమాదం. పిల్లల హెల్ప్‌లైన్‌కి మీరే ఫోన్ చేయొచ్చు. ఇండియాలో అయితే 1098. ఇండియాలో ఇంకో సంగతి, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. డాక్టర్లూ టీచర్లకే అనుకుంటారు చాలామంది, కాదు, అందరికీ. వేరే దేశంలో ఉంటే అక్కడి నియమం వేరుగా ఉండొచ్చు, హెల్ప్‌లైన్ వాళ్ళే చెప్తారు.

ఇక రాత్రి మెసేజ్‌లు. మీరు రాసిన పుస్తకం వాళ్ళకి ధైర్యం ఇచ్చింది, అందుకే మీకు చెప్తున్నారు. అంతమాత్రాన మీరు వాళ్ళ థెరపిస్ట్ అయిపోరు. కావాలని ప్రయత్నిస్తే వాళ్ళకీ మంచిది కాదు. ఎందుకంటే ఒక రాత్రి మీకు జ్వరమొచ్చి జవాబు ఇవ్వకపోతే, మొదటిసారి నోరు తెరిచిన మనిషికి అది ఇంకో తిరస్కారంలా తగులుతుంది. ముందే ఒక జవాబు తయారుగా పెట్టుకోండి. చదివానని, నమ్మానని, వివరంగా మాట్లాడే పని నేను చేయలేనని, చేసేవాళ్ళు ఫలానా చోట ఉన్నారని. పగటిపూట ఒక సమయంలోనే ఆ ఇన్‌బాక్స్ తెరవండి. అది మీ సొంత ఫోన్‌లో కాకుండా వేరే ఖాతాలో ఉంటే ఇంకా మేలు.

మీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1986లో జేమ్స్ పెన్నీబేకర్, శాండ్రా బీల్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట, తమని బాగా కలచివేసిన అనుభవాల గురించి రాయించారు. ఆ తర్వాతి నెలల్లో వాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. ఇది అందరూ చెప్తారు. రాసిన వెంటనే వాళ్ళ మనసు ఇంకా బరువెక్కిందని, బీపీ కూడా పెరిగిందని మాత్రం చెప్పరు. అదీ రోజుకి పావుగంటకే. మీరు నెలల తరబడి డ్రాఫ్ట్ మీద డ్రాఫ్ట్ రాస్తున్నారు. పైగా ‘ఫ్లాట్‌గా ఉంది’ లాంటి నోట్స్ మీ జీవితం మీద వస్తున్నాయి. రాస్తూ ఉంటే తట్టుకోలేనని అనిపిస్తే ఆపేయమని పెన్నీబేకర్ కూడా చెప్తాడు. ఇన్ని సంగతులు మోస్తున్న మీకు, మీ మాట వినే మనిషి ఒకరున్నారా? జవాబు ఇక్కడ చెప్పక్కర్లేదు.

కిటికీసీటు

ఎక్కువగా రాయను. నాకూ జరిగింది, నేను మగవాణ్ణి. మా గురించి సినిమా తీస్తున్నాం అని చెప్పి ఆ సీన్ చూపిస్తారు, నేను లేచి బయటికొచ్చేస్తాను. అంటే ఎవరి కోసం తీశారో వాళ్ళే చూడలేరన్నమాట. ముందు కార్డు వేసి, ఇందులో ఫలానాది ఉంది అని చెప్పిన సినిమా ఒకటి చూశాను. పూర్తిగా కూర్చుని చూడగలిగాను. కథేమీ పాడవలేదు.

నాకు కావలసిన సినిమాలో ఏముంటుందో చెప్తా. క్షవరం చేయించుకోవడం నాకు పెద్ద గండం. వెనక నుంచి మెడ మీద చెయ్యి పడితే ఒళ్ళు బిగుసుకుపోతుంది. అందుకే జుట్టు నేనే కత్తిరించుకుంటా, దరిద్రంగా ఉంటుంది. మా ఆవిడ దాన్ని చూసి పగలబడి నవ్వుతుంది, నేనూ నవ్వుతా. తనకి కారణం తెలుసు. తెలిసే నవ్వుతుంది. అది మా ఇంట్లో మామూలు ఆదివారం. సినిమాల్లో మాలాంటివాళ్ళు ఎప్పుడూ వానలో నిలబడి ఉంటారు, లేదా కత్తి పట్టుకుంటారు. ఉద్యోగం చేసుకుంటూ, జోకులేసుకుంటూ, ఈఎంఐ కట్టుకుంటూ ఉన్నట్టు ఒక్కరూ చూపించరు. మేడమ్, మీ హీరోయిన్ చేత రెండు మంచి జోకులు వేయించండి. నేను టికెట్ కొంటా.

ఎర్రపెన్ను

నేను పుస్తకాల ఎడిటర్‌ని. మీ పెద్దమ్మ కూతురి ట్రాక్ గురించే నా బాధ. మీ కథ చెప్పే హక్కు మీది. ఆమె కథ చెప్పే హక్కు ఆమెది. పేరు మార్చినా, ఊరు మార్చినా, మీ బంధువులందరికీ ఒక్క రీలులో తెలిసిపోతుంది ఎవరో. ఆమెకి పెళ్ళయిందా, భర్తకి తెలుసా, పిల్లలకి తెలుసా, ఇవన్నీ ఆమె జీవితంలో తను నిర్ణయించుకోవాల్సినవి. అడగండి. రాయడానికి ముందు అడగండి, రాసి చూపించి కాదు. ‘వద్దు’ అంటే ఎందుకని అడగకండి.

ఇంకో సంగతి. పుస్తకం నుంచి స్క్రిప్టుకి వచ్చేటప్పుడు ఏది నిజం, ఏది కల్పన అన్న హద్దు మెల్లగా చెరిగిపోతుంది. దీనికి చాలా బాధాకరమైన ఉదాహరణ ఉంది. అమెరికన్ రచయిత్రి ఆలిస్ సీబోల్డ్ తనపై కాలేజీ రోజుల్లో జరిగిన అత్యాచారం గురించి 1999లో ‘లక్కీ’ రాసింది. ఆ కేసులో ఆంథనీ బ్రాడ్‌వాటర్ అనే అతనికి 1982లో శిక్ష పడి పదహారేళ్ళు జైల్లో ఉన్నాడు. పుస్తకాన్ని సినిమా తీయబోతుంటే ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా ఉన్న ఒకాయనకి స్క్రిప్టుకీ పుస్తకానికీ పొంతన లేనివి కనపడ్డాయి. ఆయన ప్రైవేట్ డిటెక్టివ్‌ని పెట్టించాడు. 2021 నవంబర్‌లో కోర్టు ఆ శిక్షని కొట్టేసింది. అత్యాచారం నిజం, పోలీసులూ కోర్టూ పట్టుకున్న మనిషి తప్పు. సినిమా ఆగిపోయింది, పుస్తకం పంపిణీ ఆపేశారు. దీన్ని చూపించి ‘చూశారా, ఆడవాళ్ళు అబద్ధాలు చెప్తారు’ అనేవాళ్ళతో నాకు పని లేదు. మీ కేసులో మనిషెవరో మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఆ సందేహమే లేదు. కానీ మీ సినిమా వచ్చిన మర్నాడే అతని తరఫువాళ్ళు పుస్తకం పక్కన పెట్టుకుని సినిమా చూస్తారు. అమ్మ చెంపదెబ్బ కొట్టినట్టు చూపిస్తే, ‘ఇది జరగలేదు కాబట్టి అదీ జరగలేదు’ అంటారు. ఆ అవకాశం చేతులారా ఎందుకివ్వడం? మీకు గుర్తున్నవి, ఇతరులు చెప్పగా తెలిసినవి, సినిమా కోసం కల్పించినవి, ఈ మూడూ సీన్ నంబర్ల వారీగా విడిగా రాసి మీ దగ్గర ఉంచుకోండి. సంతకానికి ముందు ఆ కాగితం ఒక లాయర్‌కి చూపించండి.

రెండోడ్రాఫ్ట్

అందరికీ థాంక్స్. వేపకొమ్మ గారూ, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి వాళ్ళ పిన్నితో మాట్లాడటానికి ఒప్పుకుంది. ఇంతకన్నా ఇక్కడ రాయను. మెసేజ్‌లకి వేరే ఖాతా తెరిచాను, జవాబు ఒకటి రాసి పెట్టుకున్నా. మీరు చివర్లో అడిగిన ప్రశ్నకి కూడా అపాయింట్‌మెంట్ తీసుకున్నా.

పెద్దమ్మ కూతురికి ఫోన్ చేశాను. ‘వద్దే’ అంది. తర్వాత చాలాసేపు వేరే విషయాలు మాట్లాడుకున్నాం. ట్రాక్ లేదని వాళ్ళకి చెప్పేశాను.

కొత్త డ్రాఫ్ట్‌లో వంటింటి నుంచి రేడియో వినిపిస్తుంది. పెన్సిల్ బాక్స్ నాకు తేలేదు గానీ, నోట్‌బుక్‌లకి అట్టలు వేసిచ్చేవాడు, నావి మాత్రమే. అది రాశాను. కిటికీసీటు గారూ, జోకులు రెండు కాదు, చాలానే వచ్చాయి. డైరెక్టర్‌కి రేడియో నచ్చింది. ప్రొడ్యూసర్ మాత్రం చెంపదెబ్బ ఇంకా వదల్లేదు, ‘కనీసం కలలో పెడదామా’ అంటున్నారు.

పాతసిరా

కలలో కూడా వద్దు. ట్రైలర్ కట్ చేసేవాడికి కలా నిజమా అని ఉండదు, మొదటి షాట్ అదే వేస్తాడు. ట్రైలర్‌కి కూడా మీ ఒప్పుకోలు కావాలని క్లాజ్‌లో చేర్పించండి. అది పడేదాకా ఈ డ్రాఫ్ట్ మెయిల్ చేయకండి.